ఓడినవాళ్ళు లాగే వల

ప్రాక్టీసు సెట్టు గెలిచింది పెద్దది. బాబాయి వల తాడు తెచ్చి పెట్టింది కూడా పెద్దదాని చేతిలోనే.

ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు మీద ఆట అయిపోగానే ఆ మట్టిని మళ్ళీ చదును చేయాలి. పొడవాటి కర్రకు కట్టిన బరువైన వల ఒకటి ఉంటుంది. దాన్ని బయటి అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా తిరుగుతూ లోపలికి లాక్కుంటూ రావాలి. ఆ తర్వాత గీతల మీద పడ్డ మట్టిని చీపురుతో ఊడవాలి. ఓడినవాళ్ళే ఈ పని చేయాలన్నది బాబాయి ఏనాడో పెట్టిన రూలు. ఆ రూలు పెట్టిన మనిషే ఇవాళ దాన్ని గాలికి వదిలేసి, ఓడిపోయిన కూతురి భుజాల మీద తువ్వాలు కప్పి, నీళ్ళ సీసా మూత తీసి అందిస్తున్నాడు.

"సెట్టు నేను గెలిచాను బాబాయ్," అంది పెద్దది.

"గెలిచావులేవే. ఎవరు కాదన్నారు? దానికి మధ్యాహ్నం మ్యాచ్ ఉంది. కాళ్ళు పట్టేస్తాయి."

"నాకు మాత్రం లేదా మ్యాచ్?"

"నీకు అలవాటైన పనే కదా. లాగు లాగు, అవతలవాళ్ళు కోర్టు కోసం కాచుక్కూర్చున్నారు."

పెద్దది తాడును కుడి భుజం మీదుగా వేసుకుంది. ఎడమ మణికట్టు మీద బరువు పడితే చిటికెన వేలి దాకా సలుపుతుంది. ఆ సంగతి పైకి తెలియకుండా వెడల్పాటి చేతిపట్టీ ఒకటి వేసుకుని తిరుగుతోంది. అసలు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఫిజియో ఆవిడ, బాబాయి. ఫిజియో ఆవిడకు చెప్పక తప్పదు కాబట్టి చెప్పింది. బాబాయికి మాత్రం నమ్మి చెప్పింది.

"ఆ మూల మిగిలిపోయింది చూడు," కూర్చున్నచోటి నుంచే కేకేశాడు బాబాయి.

పెద్దది వెనక్కి వెళ్ళి ఆ మూల కూడా లాగింది. లాగుతున్నంతసేపూ లోపల్లోపల పళ్ళు నూరుతూనే ఉంది. చిన్నది మాత్రం బెంచీ మీద కాళ్ళు చాపుకుని, జోళ్ళలోంచి ఎర్రమట్టి దులుపుకుంటూ, అక్క వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడింది.

పెద్దది అన్నారని మరీ పెద్దదేం కాదు, ఇరవై ఏడేళ్ళు. బాబాయికి అన్న కూతురు. చిన్నది ఆయన సొంత కూతురు, పందొమ్మిది దాటలేదు. ఇంట్లో పిలిచే పిలుపులే కోర్టుల దాకా వచ్చి అంటుకుపోయాయి. ఇద్దరికీ రాకెట్టు పట్టించింది ఆయనే. ఇద్దరినీ ఒకేలా తిట్టాడు, ఒకేలా పరిగెత్తించాడు, కానీ ఒకేలా చూశాడని మాత్రం ఆయన శత్రువులు కూడా అనరు.

ఈసారి వచ్చిన చిక్కేమిటంటే, అసలు టోర్నమెంటులోకి వెళ్ళాలంటే ముందు గెలవాల్సిన అర్హత మ్యాచ్‌లలో ఇద్దరి పేర్లూ ఒకే గడిలో పడ్డాయి. ఇవాళ ఇద్దరూ గెలిస్తే ఎల్లుండి చివరి మ్యాచ్‌లో అక్కాచెల్లెళ్ళే ఎదురెదురుగా నిలబడాలి. ఎవరితో ఎవరో రాసిన ఆ కాగితం గోడకు అంటించిన రోజునే బాబాయి భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు.

"నాకున్నది ఒక్క నడుం. రెండు కోర్టుల దగ్గర నిలబడటం ఇక నా వల్ల కాదు. లోపలికి వెళ్ళినవాళ్ళతోనే వచ్చే నెల నుంచి తిరుగుతాను. రెండోవాళ్ళు వేరే మనిషిని చూసుకోండి."

వేరే మనిషి చిన్నదానికైతే పదిమంది దొరుకుతారు. చెయ్యి పాడైన ఇరవై ఏడేళ్ళదాన్ని ఎవడు చేరదీస్తాడు? కోచ్ లేకుండా ఊళ్ళు పట్టుకుని ఒంటరిగా తిరిగే ఆటగత్తెలను పెద్దది చూసింది. పొద్దున్నే క్లబ్బు గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ళను "ఓ గంట నాతో కొడతారా" అని అడుక్కుంటూ ఉంటారు. బాబాయి ఆ మాట అన్నప్పటి నుంచి పెద్దదానికి తిండి సయించడం లేదు.

మధ్యాహ్నం పెద్దది తన మ్యాచ్ తొందరగానే గెలిచి ముగించుకుంది. తువ్వాలు మెడకు చుట్టుకుని చిన్నదాని కోర్టు దగ్గరికి వచ్చి నిలబడింది. చిన్నది బాగా ఆడుతోంది. ఎంత బాగా అంటే, పెద్దదానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ఒక సంగతి కనబడింది. అవతలి పిల్ల కొట్టిన బంతి గీత అవతల పడింది. అంపైరు "అవుట్" అన్నాడో లేదో, చిన్నది జోడుతో ఆ గుర్తును సర్రున చెరిపేసి తన చోటికి వెళ్ళిపోయింది.

అది కూడా బాబాయి పెట్టిన అలవాటే. పాత గుర్తు మిగిలితే కొత్త గుర్తుతో తికమక వస్తుందని, ఒక్కో పాయింటు అవగానే గట్టు మీద నుంచి "కాలు!" అని అరిచేవాడు. ఆ అరుపుకు ఇద్దరి పాదాలూ వాటంతటవే కదిలేవి. ప్రాక్టీసులో అది మంచి అలవాటే. మ్యాచ్‌లో అలా కాదు. మట్టి మీద బంతి వదిలిన గుర్తే సాక్ష్యం. అవతలివాళ్ళు చెయ్యెత్తి చూడమంటే అంపైరు కుర్చీ దిగి వచ్చి చూడాలి. ఆయన చూసేలోపు మన వైపు గుర్తును మనమే చెరిపేస్తే, పాయింటు వాళ్ళకు వదులుకున్నట్టే లెక్క. పెద్దది ఆ పాఠం ఒక పాయింటు పోగొట్టుకుని, చాటుగా ఏడ్చి మరీ నేర్చుకుంది. మడమలు నేలకు మేకులు కొట్టినట్టు నిలబెట్టుకోవడం ఆ తర్వాతే అలవాటైంది.

అవతలి పిల్లకు ఆ కిటుకు తట్టలేదు. చిన్నది గెలిచి బయటికొచ్చింది. సాయంత్రం చెప్పాలి దీనికి, అనుకుంది పెద్దది. ఎంతైనా అక్క కదా.

*

మర్నాడు మ్యాచ్‌లు లేవు. ఫిజియో ఆవిడ పెద్దదాని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఎముక పక్కన నొక్కింది. పెద్దది బల్ల అంచు పట్టుకుంది.

"రెండు చేతులతో కొట్టే దెబ్బ మానేస్తే మంచిది," అంది ఫిజియో.

"మానేస్తే నాకు మిగిలేది ఏముంది?"

"చెయ్యి మిగులుతుంది." ఆవిడ టేపు చుట్ట తీసి, పంటితో అంచు తెంపి, మణికట్టు చుట్టూ బిగించడం మొదలుపెట్టింది. "బంతి భుజం కంటే ఎత్తుకు వచ్చిందంటే చచ్చావే నువ్వు. కింద వచ్చినవి ఎలాగో నెట్టుకురావచ్చు. ఎవరికీ తెలియకపోతే పరవాలేదులే."

"ఎవరికీ తెలియదు," అంది పెద్దది.

ఆ గదిలోంచి బయటికొచ్చి వెనక కోర్టుల మీదుగా నడుస్తుంటే బంతుల చప్పుడు వినబడింది. ఆఖరి కోర్టు చుట్టూ గాలి తగలకుండా కట్టిన పచ్చ గుడ్డకు ఒకచోట చిరుగుంది. పెద్దది ఆగింది. లోపల బాబాయి బంతుల బుట్ట పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే విసురుతున్నాడు. అవతలి మూలలో, పెద్దది నిలబడి ఎడమ వైపు దెబ్బ కొట్టే చోట, ఒక కుర్చీ వేసి, కుర్చీ మీద ఇంకో కుర్చీ బోర్లించి పెట్టాడు. చిన్నది కొట్టే ప్రతి బంతీ ఆ పై కుర్చీ కాళ్ళకు తగలాలి.

"ఎత్తుగా! ఇంకా ఎత్తుగా! దాని భుజం దాటాలి. చెయ్యి పైకి లేవదే దానికి, లేస్తే విరిగిపోతుంది. పది బంతులు అక్కడే కొట్టు. పదకొండో బంతికి అదే చేతులెత్తేస్తుంది."

చిన్నది కొట్టింది. కుర్చీ టంగుమని మోగింది.

పెద్దది గుడ్డ చిరుగు అంచును గుప్పిట్లో పట్టుకుంది. పిలుద్దామనుకుంది, గుడ్డ చించుకుని లోపలికి పోదామనుకుంది. చివరికి ఏమీ చేయకుండా, మోగుతున్న కుర్చీ చప్పుడు వెనక నుంచి తరుముతుంటే గదికి వచ్చేసింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బాబాయి ఏమీ ఎరగనట్టు, "చెయ్యి ఎలా ఉందే?" అని అడిగాడు.

"నువ్వే చెప్పాలి. పై కుర్చీకి ఎన్ని తగిలాయి?"

చిన్నది చెంచా కంచంలో పెట్టేసింది. బాబాయి నమలడం మాత్రం ఆపలేదు. తీరిగ్గా మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"చూశావన్నమాట. సరే, చూస్తే చూశావు. ఏం, తప్పా?"

"నా చెయ్యి సంగతి నిన్ను నమ్మి చెప్పాను బాబాయ్."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. అవతల ఆడేది నా కూతురు. తెలిసి తెలిసి దానికి చెప్పకుండా ఎలా ఉంటాను? నీకూ చెబుతున్నా, విను. దాని రెండో సర్వీసు మెత్తగా వస్తుంది, ముందుకొచ్చి బాదు. చెల్లుకు చెల్లు. సరిపోయిందా?"

"దాని సర్వీసు మెత్తదని లోకమంతా ఎరుగును. నా చెయ్యి నీకొక్కడికే తెలుసు."

"ఇదిగో, బల్ల దగ్గర ఏడుపులు పెట్టకు. రేపు అవతల ఊరూ పేరూ తెలియనిది నిలబడినా ఇదే చేస్తుంది. ఆటంటే అంతే. కాదనుకుంటే ఇంట్లో కూర్చుని గవ్వలాడుకో."

పెద్దది లేచి వెళ్ళిపోయింది. అక్కడ ఇంకో నిమిషం కూర్చుంటే కంచం ఎత్తి కొట్టేదేమో. కొట్టినా తప్పు లేదని నా ఉద్దేశం.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే గది. పెద్దది తన రాకెట్టు పిడికి కొత్త పట్టీ చుట్టుకుంటూ మంచం మీద కూర్చుంది. పట్టీని సాగదీస్తూ, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సన్నగా ఎక్కేలా, కింది నుంచి పైకి చుట్టాలి. ఆ పని చిన్నదానికి ఎన్నేళ్ళొచ్చినా రాలేదు, ఎప్పుడు చుట్టినా వదులే. అందుకని దాని రాకెట్లకు కూడా పెద్దదే చుట్టి పెడుతుంది. చిన్నది గదిలోకి వచ్చి, అలవాటు కొద్దీ తన రాకెట్టు అక్క ముందుకు చాపింది. చాపిన తర్వాత ఏం చేస్తోందో తెలిసొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఇటివ్వు," అంది పెద్దది.

"వద్దులే అక్కా."

"ఇటివ్వవే. రేపు నన్ను కొట్టేటప్పుడు చేతిలోంచి జారిపోగలదు."

చిన్నది ఇచ్చింది. పెద్దది ఒక్క ముడత లేకుండా, మామూలు కంటే బిగువుగా చుట్టింది. చిన్నది ఎదురు మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ చూసింది.

"నాన్న కొట్టమన్నాడు. నేనేం చెయ్యను?" అంది కాసేపటికి.

"నేనేమైనా అడిగానా నిన్ను?"

"మాట్లాడకుండా ఉంటే అడిగినట్టే."

"పడుకో."

గుర్తు చెరిపే అలవాటు సంగతి పెద్దదాని నాలుక చివరి దాకా వచ్చింది. రేపు నిన్న చేసినట్టు చేయకే, అంపైరు చూసేదాకా ఆగు, అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. వెనక కోర్టులో మోగిన కుర్చీ గుర్తొచ్చింది. మాట మింగేసి, చుట్టిన పట్టీ చివర టేపు అంటించి, రాకెట్టు చిన్నదాని మంచం మీదికి విసిరింది.

*

బాబాయి ఎవరి వైపూ కూర్చోనన్నాడు. అన్నట్టే గట్టు మీద సరిగ్గా నెట్టుకు ఎదురుగా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చూసేవాళ్ళు ఎంత న్యాయమైన మనిషో అనుకునేలా ఉంది ఆ వాలకం.

మొదటి సెట్టులో చిన్నది చెప్పింది చెప్పినట్టు చేసింది. బంతి ఎత్తుగా లేచి, మట్టి మీద పడి ఇంకా ఎగిరి, పెద్దదాని ఎడమ భుజం మీదికి వచ్చేది. రెండు చేతులతో కొడితే మణికట్టులో కత్తి దిగినట్టుండేది. ఒక చేత్తో కొడితే బంతి నెట్టుకు తగిలేది. వెనక్కి వెనక్కి జరిగి చూసింది, ముందుకొచ్చి బంతి లేవకుండా కొట్టి చూసింది. ఏం చేసినా తర్వాతి బంతి మళ్ళీ అక్కడికే వచ్చేది. సెట్టు తేలిగ్గా పోయింది.

విరామంలో పెద్దది కుర్చీలో కూర్చుని, గట్టుకు వీపు పెట్టి, ఐసు మూట కట్టిన తువ్వాలును మోకాళ్ళ మధ్య బిగించి, అందులో ఎడమ చెయ్యి దూర్చింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకుని, జోళ్ళ దారాలు సర్దుతున్నట్టు నటించింది. నీళ్ళ సీసా కోసం తలెత్తినప్పుడు చిన్నది తన వైపే చూస్తోంది. కళ్ళూ కళ్ళూ కలవగానే ఇద్దరూ చూపు తిప్పేసుకున్నారు.

రెండో సెట్టులో గాలి మారింది. బంతులు కుడి వైపు రావడం మొదలుపెట్టాయి. కుడి చెయ్యి పెద్దదానికి పెట్టని కోట. ఒక్కో బంతినీ కసిదీరా బాదింది. చిన్నదానికి కాళ్ళు తడబడుతున్నాయి, భయం పట్టుకుంది దీనికి, అనుకుంది. అయిపోయింది దీని పని, అని కూడా అనుకుంది. ఆ సెట్టు పెద్దదానిదే. గట్టు మీద బాబాయి కట్టుకున్న చేతులు విప్పి, ముందుకు వంగి కూర్చున్నాడు.

మూడో సెట్టు చివరిదాకా ఎటూ తేలలేదు. ఐదు గేములు దానివి, ఐదు దీనివి. చిన్నది సర్వీసు చేస్తోంది. ఆ గేము గెలిచినవాళ్ళకే మ్యాచ్ దక్కేలా ఉందని కోర్టులో ఉన్న ముగ్గురికీ తెలుసు, గట్టు మీద ఉన్న నాలుగో మనిషికీ తెలుసు. స్కోరు సమానమైంది. ఆ పాయింటు ఎంతకీ తెగలేదు. ఇద్దరూ ఆయాసంతో రొప్పుతూ, మట్టి మీద జారుతూ, ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తారు. చివరికి పెద్దది కుడి చేత్తో బలమంతా పెట్టి ఒకటి బాదింది. బంతి చిన్నదాని వెనక గీత దాటి పడింది. ఎంతో కాదు, వేలెడు. అయినా దాటింది. కొట్టిన దెబ్బలోనే తెలిసిపోయింది పెద్దదానికి. మట్టి లేచిన చోటు కళ్ళారా చూసింది కూడా.

"అవుట్," అన్నాడు అంపైరు.

చిన్నది మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. పెద్దది దాని ముఖం చూడలేదు. దాని పాదం చూసింది. కుడి జోడు మడమ అప్పుడే పైకి లేస్తోంది.

"గుర్తు చూడండి," అంటూ పెద్దది చెయ్యెత్తింది.

అంపైరు "ఆగండి" అంటూ కుర్చీ మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ మాట చిన్నదాని చెవికి చేరేలోపే జోడు సర్రున అటూ ఇటూ తిరిగింది. ఎర్రమట్టి మీద గుర్తు లేదు, అలికినట్టు ఒక చార మాత్రం ఉంది. చిన్నది తన పాదం వైపు అది ఎవరి పాదమో అన్నట్టు చూసుకుంది.

"మీరే చెరిపేశారు," అన్నాడు అంపైరు. "పాయింటు వారిది."

"బయట పడింది కదండీ! మీరే అవుటన్నారు కదా!"

"అన్నాను. వారు చూడమన్నారు. చూడటానికి గుర్తేదీ?"

చిన్నది నెట్టు దాకా పరిగెత్తుకొచ్చింది. "అక్కా, బయట పడలేదూ? నువ్వే చెప్పు. నువ్వు చెబితే ఆయన వింటాడు."

పెద్దది రాకెట్టు తీగలు వేళ్ళతో సర్దుకుంది. ఒకటి, తర్వాత పక్కది, తర్వాత దాని పక్కది.

"సర్వీసు చెయ్యి," అంది.

చిన్నది వెళ్ళి సర్వీసు చేసింది. మొదటిది నెట్టుకు తగిలింది. రెండోది గీతకు ఆమడ దూరంలో పడింది. గేము పోయింది. తర్వాతి గేములో పెద్దది సర్వీసు చేస్తే ఎదురు నిలవడానికి దానికి కాళ్ళూ లేవు, కన్నీళ్ళలో కళ్ళూ కనబడలేదు. మ్యాచ్ అయిపోయింది. చేతులు కలిపేటప్పుడు చిన్నది వేళ్ళ చివరలు మాత్రం తగిలించి లాక్కుంది.

పెద్దది గట్టు వైపు చూసింది. కూతురు ఓడిపోయిన తండ్రి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకుంది. బాబాయి మెల్లగా తలూపుతున్నాడు. పెదవుల చివర చిన్న నవ్వు కూడా ఉంది.

*

ఎండ తగ్గాక బాబాయి ఇద్దరినీ వెనక కోర్టుకు రమ్మన్నాడు. పెద్దది వచ్చేసరికి గేటు దగ్గరే ఎదురొచ్చి, దాని భుజం మీంచి రాకెట్ల సంచి తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. ఆ సంచి ఆయన ఇన్నేళ్ళలో ఒక్కనాడూ మోయలేదు. చిన్నదాని సంచి ఎప్పుడూ మోసేవాడు. వెనక తన సంచి తాను మోసుకుంటూ నడిచిన దారులన్నీ పెద్దదానికి గుర్తొచ్చాయి.

"రేపు పొద్దున్నే మొదటి మ్యాచ్ నీదే. కాసేపు కొట్టి పడుకుందువు గాని. ఇదిగో, నువ్వు అవతలికి నిలబడి దానికి బంతులు అందించు," అన్నాడు కూతురితో.

చిన్నది ఉబ్బిన కళ్ళతో వెళ్ళి నిలబడింది. బంతులు అందించింది. ఒక్క బంతి కూడా పెద్దదాని ఎడమ భుజం మీదికి లేవలేదు. అన్నీ కుడి చేతికి, నడుం ఎత్తులో, కొట్టుకోవడానికి వీలుగా వచ్చాయి. పొద్దున రెండో సెట్టులోనూ అచ్చం ఇలాగే వచ్చాయి. పెద్దది కొడుతున్న బంతిని వదిలేసింది.

"చాలు బాబాయ్."

"చాల్లే అయితే, చెయ్యి దాచుకో." బాబాయి హుషారుగా ఉన్నాడు. "ఒసేయ్, ఇవాళ నువ్వు ఆడింది చూడు, అదీ ఆటంటే. బంతి బయట పడింది. నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా చెయ్యెత్తావు. దాని కాలు ఆగదని తెలిసి ఎత్తావు చూడు, అక్కడ నా పెంపకం కనబడింది." కూతురి వైపు తిరిగాడు. "మీ అక్కను చూసి నేర్చుకో."

ఇలాంటి మాట ఒక్కటి ఆయన నోట వినాలని పెద్దది ఎన్ని ఊళ్ళలో, ఎన్ని కోర్టుల్లో ఎదురుచూసిందో. తీరా విన్నాక చేతిలోని రాకెట్టు బెంచీ మీద పడేసింది.

"రెండో సెట్టు నుంచి నేను అక్క ఎడమ చేతికి కొట్టలేదు నాన్నా," అంది చిన్నది. మ్యాచ్ అయ్యాక అది మాట్లాడిన మొదటి మాట అదే. "చూశావా?"

"చూడకేం? గుడ్డివాణ్ణా? అందుకే ఓడావు."

"ఐసులో చెయ్యి పెట్టుకుని ఏడుస్తోంది. నాకు చేతకాలేదు."

"చేతకాకపోతే వల లాగు. ఓడినవాళ్ళ పని అదే కదా. పట్టు."

పెద్దదానికి ఆ మాటలు ఒకదాని వెనక ఒకటి చెవిలో పడ్డాయి. భయంతో కాళ్ళు తడబడ్డాయనుకుంది. అయిపోయింది దీని పని అనుకుంది. తన బలంతో గెలిచాననుకున్న సెట్టు చిన్నది చేజేతులా ఇచ్చింది. ఆ ఇచ్చినదాని పాదం ఎప్పుడు లేస్తుందా అని తను కాచుకుని కూర్చుంది. తలకొట్టేసినట్టయింది పెద్దదానికి.

చిన్నది కంచె పక్కన చుట్టి పెట్టిన వల దగ్గరికి వెళ్ళి తాడు అందుకుంది. పెద్దది వెళ్ళి ఆ తాడు పట్టుకుంది.

"వదులు," అంది.

"అక్కర్లేదు. నేను లాగుతాను," అంది చిన్నది, చూడకుండానే.

"వదలవే!" అంటూ పెద్దది తాడు గుంజుకుంది. మణికట్టులో చురుక్కుమంది. "ఓడినవాళ్ళే లాగాలి. రూలు పెట్టింది మీ నాన్నే."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు బాబాయి. "గెలిచింది నువ్వు కదే!"

"గెలిచానులే బాబాయ్. ఎవరు కాదన్నారు?"

పెద్దది ఆయన దగ్గరికి వచ్చి, భుజానికున్న తన సంచి దించుకుని బెంచీ మీద పెట్టింది.

"రేపు నా మ్యాచ్‌కి నువ్వు రావద్దు. ఎల్లుండికీ వద్దు, వచ్చే నెలకీ వద్దు."

"నేను లేకుండా ఒక్క గేము గెలువు చూద్దాం. గేటు దగ్గర నిలబడి ఎవరినో అడుక్కుంటావు."

"అడుక్కుంటాను."

"ఆ చేత్తోనా?"

"ఆ చేత్తోనే. నీకు తెలిసిందే కదా, ఇంకెవరికైనా చెబుతావేమో చెప్పుకో."

బాబాయి ముఖం గంటుపెట్టుకుని, "ఇద్దరూ ఇద్దరే, పనికిమాలిన సంత," అనుకుంటూ బంతుల బుట్ట ఎత్తుకుని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర ఆగి కూతురి కోసం వెనక్కి చూశాడు. చిన్నది కదల్లేదు. ఆయన గేటును ధడేలున వేసి వెళ్ళిపోయాడు.

పెద్దది తాడును కుడి భుజం మీదుగా వేసుకుని, బయటి అంచు నుంచి మొదలుపెట్టింది. ఒక చేత్తో లాగితే వల పక్కకు పోతోంది, రెండో చెయ్యి వెయ్యక తప్పలేదు. నొప్పి మోచేతి దాకా పాకింది. అడుగుల గుర్తులు, జారిన గీతలు, బంతుల ముద్రలు వల కింద ఒక్కొక్కటే పోతున్నాయి. ఒక చుట్టు పూర్తి చేసి బెంచీ ముందుకు వచ్చేసరికి చిన్నది అక్కడ కూర్చుని రాకెట్టు పిడి పట్టీ విప్పేస్తోంది. పెద్దది బిగించి చుట్టిన పట్టీ. చుట్టలు చుట్టలుగా విప్పి కాళ్ళ దగ్గర పడేస్తోంది.

"బయట పడింది," అంది పెద్దది ఆగి. "వేలెడు."

"నాకు తెలుసు."

"అక్కడ చెప్పాల్సింది."

"చెప్పలేదుగా." చిన్నది ఆఖరి చుట్టు కూడా లాగి పడేసింది. "నీతో నేను మాట్లాడను. గదిలో కూడా మాట్లాడను. రేపు నీ మ్యాచ్‌కి కూడా రాను."

"సరే."

పెద్దది మళ్ళీ తాడు భుజానికెత్తుకుంది. చుట్టు తర్వాత చుట్టు, నెట్టు దాకా లాగింది. అవతలి సగం కూడా లాగింది. అంతా అయిందనుకుని, వలను కంచె దగ్గర దించి, నొప్పెడుతున్న చెయ్యి చంకలో పెట్టుకుని నిలబడింది.

"ఆ మూల మిగిలిపోయింది," అంది చిన్నది బెంచీ మీద నుంచి, తలెత్తకుండా.

పెద్దది వల ఎత్తుకుని వెనక్కి వెళ్ళి ఆ మూల లాగింది.